అడ్రసు దొరకని కంప్యూటరు

లాల్‌దర్వాజా బోనాలకు ఇంకా వారం ఉంది. ఇంటికి సున్నాలు వేయించడం నిన్ననే అయిపోయింది. బీరువా, మంచాలు, బల్లలు అన్నీ మళ్లీ వాటి వాటి చోట్లకు చేరాయి. కంప్యూటరూ చేరింది. కాకపోతే, నెట్ రావడం లేదు!

పాతబస్తీలో ఏ గల్లీలోనైనా కనిపించే ఇల్లే అనుకోండి. ఆ ఇంటి అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి తరవాత అని పది రోజులు కూర్చుని తయారుచేసుకున్న జాబితా అంతా ఆ కంప్యూటర్లోనే ఉంది. నాన్న కంగారుపడి రిపేరు దుకాణానికి ఫోన్ చేస్తే, అక్కడి కుర్రాడు చూడకుండానే తేల్చేశాడు. ''విండోస్ ఖరాబైంది సార్. డబ్బా పట్కరండి, ఫార్మాట్ కొడదాం. పొద్దుగూకే వరకు ఇచ్చేస్త.''

ఫార్మాట్ కొడితే జాబితా పోతుంది. పోతే పోయింది, కిందా మీదా పడి మళ్లీ రాసుకోవచ్చు. కానీ రెండేళ్ల కిందట పోయిన నానమ్మ ఫొటోలు, ఆమె చివరిసారి బోనం ఎత్తుకున్నప్పటి వీడియో... అవన్నీ ఉన్నది ఆ డబ్బాలోనే. ఇంకెక్కడా కాపీ లేదు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాన్న వైర్లు పీకబోతుండగా పక్కింటి ఆపా వచ్చింది. ఓ ఆఫీసులో నెట్‌వర్కులు చూసుకోవడం ఆమె ఉద్యోగం. ''ఆగండి అంకుల్! రోగమేందో తెల్వకుండ ఎవరన్న ఆపరేషన్ చేస్తరా? ముందుగాల అది ఏం చెప్తుందో చూద్దాం.''

కంప్యూటరు చెబుతున్నది ఒక్కటే మాట. 'ఈథర్‌నెట్‌కు సరైన ఐపీ కాన్ఫిగరేషన్ లేదు' అని. మన భాషలో చెప్పాలంటే, 'నాకు ఇంటి నంబరు ఇవ్వలేదు' అని!

ఇంటి నంబరు ఉంటేనే ఉత్తరం

హైదరాబాదులో ఇంటి నంబరంటే చిన్న విషయమా? వార్డు నంబరు, అడ్డగీత, బ్లాకు నంబరు, అడ్డగీత, ఇంటి నంబరు. ఒకప్పటి పెద్ద ఇల్లు అన్నదమ్ముల వాటాలుగా విడిపోతే చివర్లో ఓ 'బై' కూడా చేరుతుంది. ఆ నంబరు లేకపోతే ఉత్తరం రాదు, కరెంటు బిల్లు రాదు.

నెట్‌వర్కులోనూ ఇదే లెక్క. ప్రతి కంప్యూటరుకీ, ఫోనుకీ ఒక ఐపీ అడ్రసు ఉండాలి. అందులో నాలుగు భాగాలు, మధ్యలో చుక్కలు. ఉదాహరణకు 192.168.1.5. ఒక్కో భాగం సున్నా నుంచి 255 వరకూ ఉండొచ్చు. అడ్రసు ఉంటేనే మనం అడిగిన పేజీ మన దగ్గరికి చేరుతుంది. లేకపోతే కంప్యూటరు ఎంత కొత్తదైనా, బిల్లు ఎంత ఠంచనుగా కట్టినా, అంతే సంగతులు!

మరి ఈ నంబర్లు ఇచ్చేదెవరు? ఒకప్పుడు మనుషులే కూర్చుని ఒక్కో యంత్రానికీ చేత్తో నంబరు వేసేవారు. ఒకే నంబరు పొరపాటున ఇద్దరికి పడిందా, గొడవే. ఆ బాధ తప్పించడానికి వచ్చిందే డీహెచ్‌సీపీ అనే పద్ధతి. రాల్ఫ్ డ్రామ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన దీని తొలి ప్రమాణం 1993 అక్టోబరులో వెలువడింది. 1997 మార్చిలో దాన్ని సవరించారు. ఇవాళ ఇంట్లో ఈ పని చేసిపెట్టేది రూటరు. అదే, మనం వైఫై డబ్బా అనేది.

కంప్యూటరు ఆన్ కాగానే రెండు యంత్రాల మధ్య నాలుగే నాలుగు మాటలు నడుస్తాయి.

''ఇక్కడ నంబర్లిచ్చేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?'' అని కంప్యూటరు కేకేస్తుంది. ఎవరున్నారో తెలియదు కాబట్టి అందరికీ వినపడేలా అరుస్తుంది.

''నేనున్నా. 192.168.1.5 ఖాళీగా ఉంది. కావాలా?'' అంటుంది రూటరు.

''సరే, అదే ఇప్పించండి.''

''తీసుకో. ఒక రోజు వరకూ నీదే.''

అంతే. రెప్పపాటులో బేరం ముగుస్తుంది. నంబరుతోపాటు బయటికి వెళ్లే దర్వాజా ఎటుందో కూడా రూటరు చెప్పేస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ నంబరు సొంతం కాదు, అద్దెకు! గడువు రూటరును బట్టి ఉంటుంది. సగం గడువు కాగానే కంప్యూటరు వెళ్లి 'ఇంకొన్నాళ్లు ఉంటాను' అని పొడిగించుకుంటుంది. నిన్నటి దాకా బాగానే వచ్చిన నెట్ ఇవాళ ఉన్నట్టుండి పోవడానికి, అద్దె పొడిగించుకోలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

పక్కింటి కంప్యూటరుకూ ఇదే 192.168.1.5 ఉండొచ్చు. ఫర్వాలేదు. మేడ మీది గది అంటే ఎవరింట్లో వాళ్ల మేడగదే అయినట్టు, ఇవి ఇంటి లోపలి నంబర్లు. ఇలా ఇళ్లకూ ఆఫీసులకూ సొంతంగా వాడుకోవడానికని కొన్ని నంబర్లను 1996లోనే విడిగా పెట్టారు. ఎందుకంటే ఈ పద్ధతిలో మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లే, ప్రపంచ జనాభాకన్నా తక్కువ. ప్రపంచం మొత్తానికి పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3నే ఖాళీ అయిపోయింది.

ఎవరూ పలక్కపోతే?

కంప్యూటరు కేకేసింది. జవాబు లేదు. మళ్లీ కేకేసింది. అయినా లేదు. అప్పుడేం చేస్తుందంటారా? తనకు తానే ఓ నంబరు రాసి తగిలించుకుంటుంది! అది ఎప్పుడూ 169.254తోనే మొదలవుతుంది. విండోస్ 98 రోజుల నుంచీ ఉన్న అలవాటే ఇది. 2005లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఆ నంబరుతో ఒకే తీగ మీద ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోగలవు. గడప దాటి బయటికి మాత్రం పోలేవు. ఊరికే కూర్చోకుండా విండోస్ అయిదు నిమిషాలకోసారి మళ్లీ కేకేస్తూనే ఉంటుంది.

కాబట్టి 169.254 కనిపిస్తే కంప్యూటరు పాడైందని అనుకోనక్కర్లేదు. అది అడుగుతోంది, జవాబు రావడం లేదని మాత్రమే అర్థం. కేక ఎక్కడ ఆగిపోయిందో వెతకాలి. ఆపా చేసింది అదే.

ముందు నంబరు చూడండి

విండోస్ బొమ్మ ఉన్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో సీ, ఎం, డీ అనే మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. అక్కడ ఐ, పీ, సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ అని ఖాళీ లేకుండా కొట్టాలి. బోలెడు వరుసలొస్తాయి, బెదిరిపోకండి. 'ఐపీవీ4 అడ్రస్' అని ఉన్న వరుస చాలు.

అక్కడ 192.168తోనో, 10తోనో మొదలయ్యే నంబరుంటే రూటరు తన పని తాను చేసినట్టే. అయినా నెట్ రావడం లేదంటే చాలాసార్లు లోపం బయటి లైన్లో ఉంటుంది.

169.254 ఉంటే కంప్యూటరుకూ రూటరుకూ మధ్యే ఎక్కడో అడ్డం పడిందన్నమాట.

నంబరే లేకుండా 'మీడియా డిస్కనెక్టెడ్' అని ఉంటే తీగ పెట్టలేదు, లేదా తెగింది. వైఫై అయితే అసలు కలవనే లేదు.

ఈ ఇంట్లో కనిపించింది 169.254. రెండో పరీక్షగా ఆపా ఫోన్లు చూసింది. మొబైల్ డేటా ఆపేసి ఇంటి వైఫైతో చూస్తే ఫోన్లలో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. అంటే రూటరు బాగుంది, బయటి లైనూ బాగుంది. ఇబ్బంది కంప్యూటరుదో, దాని దారిదో!

మూడో పరీక్ష అన్నిటికన్నా ముచ్చటైనది. అమ్మాయి ఫోనును చార్జింగ్ వైరుతో కంప్యూటరుకు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేసింది. ఫోను కూడా చిన్నపాటి రూటరే. అడిగినవాళ్లకు అదీ నంబరిస్తుంది. కొద్ది క్షణాల్లో కంప్యూటరుకు అడ్రసు వచ్చేసింది. నెట్ కూడా!

''నువ్వు ఫికర్ చెయ్యకు బేటా. ఆప్షన్లు పెట్టుకో ఫస్టు,'' అంది ఆపా. ''అంకుల్, మీ విండోస్‌కు ఏం కాలే. నంబరు అడుగుడు దానికి మంచిగనే వస్తుంది. ఇంక దారి చూద్దాం.''

ఒక్క పరీక్షతో రెండు పనులయ్యాయి. గడువు తేదీ గండం గట్టెక్కింది. ఫార్మాట్ అక్కర్లేదనీ తేలిపోయింది.

తీగ పట్టుకుని వెళితే...

పాతబస్తీలో చాలా ఇళ్లకు రాయీ డంగుసున్నంతో కట్టిన మందపాటి గోడలుంటాయి. ఎండాకాలం చల్లగా ఉంటుంది కానీ వైఫైకి అవి కోటగోడలే. ముందు గదిలో అయిదు గీతలుండే సిగ్నలు వెనక గదికొచ్చేసరికి ఒక గీతకు పడిపోతుంది. అందుకే ఈ ఇంట్లో ముందు గదిలోని రూటరు నుంచి వెనక గదికి తీగ లాగి, అక్కడ ఓ పాత రూటరును పెట్టారు. అది నంబర్లివ్వదు, ఆ పని ఆపేసి పెట్టారు. ఇటు మాట అటు అందించడం వరకే దాని పని. కంప్యూటరు తీగ దాంట్లోనే ఉంటుంది.

ఆపా ఆ తీగ వెంట నడిచింది. కంప్యూటరు వెనక దీపం వెలుగుతోంది. పాత రూటరు మీద దీపాలూ వెలుగుతున్నాయి. ముందు గది నుంచి వచ్చే తీగ కూడా గట్టిగానే ఉంది. ఉన్నది మాత్రం నీలం రంధ్రంలో!

అసలు కథ ఇదీ. చాలా రూటర్లకు వెనక నాలుగు రంధ్రాలు ఒక రంగులో, ఒక్కటి వేరే రంగులో ఉంటాయి. నాలుగూ ఇంట్లోవాళ్లకు. వేరుగా ఉన్న ఒక్కటీ బయటి లైనుకు. పాత రూటరును మధ్యవర్తిగా మాత్రమే వాడుకుంటున్నప్పుడు రెండు తీగలూ ఆ నాలుగింట్లోనే ఉండాలి. సున్నాలు వేసేటప్పుడు బల్ల జరిపారు, వైర్లు పీకారు. మళ్లీ పెట్టేటప్పుడు ఖాళీగా కనిపించిన నీలం రంధ్రంలో పెట్టేశారు. రంధ్రాలన్నీ ఒకే కొలత కదా, చక్కగా పట్టేసింది! దాంతో కంప్యూటరు కేక పాత రూటరు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

ఆపా తీగ తీసి పసుపు రంధ్రంలో పెట్టింది. నిమిషంలో 192.168తో నంబరొచ్చింది. పట్టిన సమయం పావుగంట. ఖర్చు... ఒక చాయ్!

మీ ఇంట్లో అయితే?

అందరి ఇళ్లలోనూ కారణం ఇదే కానక్కర్లేదు. తేలికైనవి ముందు, కష్టమైనవి చివర అన్న వరస పెట్టుకుంటే చాలు.

ముందుగా రూటరును ఆపి, ఒక నిమిషం ఆగి ఆన్ చేయండి. దీపాలన్నీ కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇచ్చి, ఆ తరవాత కంప్యూటరును ఆన్ చేయండి. రూటరు సిద్ధం కాకముందే కంప్యూటరు కేకేస్తే జవాబు ఎవరిస్తారు?

తీగ రెండు కొసలూ తీసి మళ్లీ 'టక్' మనేలా పెట్టండి. ప్లగ్గు మీది సన్నని ప్లాస్టిక్ నాలుక విరిగితే పైకి పెట్టినట్టే ఉంటుంది, లోపల తగలదు. ఆ తీగలో ఎనిమిది సన్నని తీగలుంటాయి. బీరువా కాలి కింద నలిగినా, ఎలుక కొరికినా పని చెడుతుంది. వేరే తీగతో, వేరే రంధ్రంతో ప్రయత్నించి చూడాలి.

నల్ల తెర మీద ఇందాకటి మాటకు ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి 'రిలీజ్' అని ఇంగ్లిష్‌లో కొడితే కంప్యూటరు పాత నంబరు వదిలేస్తుంది. అలాగే 'రెన్యూ' అని కొడితే కొత్త నంబరు అడుగుతుంది.

ఎప్పుడో వచ్చిన మెకానిక్ నంబరును చేత్తో వేసి వెళ్లి ఉండొచ్చు. రూటరు మారాక ఆ నంబరు పనికిరాదు. సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లి 'ఐపీ అసైన్‌మెంట్' దగ్గర 'ఆటోమేటిక్' అని ఉందో లేదో చూడండి.

రూటరు దగ్గర అద్దెకిచ్చే నంబర్లు లెక్కకు ఇన్ని అనే ఉంటాయి. కొన్నిట్లో పదో ఇరవయ్యో అని పెట్టి ఉంటారు. ఫోన్లు, టీవీ, కెమెరాలతో పాటు పండక్కొచ్చిన చుట్టాల ఫోన్లూ చేరితే ఆఖర్న వచ్చినవాళ్లకు 'ఖాళీ లేదు' అన్నట్టే. ఆ లెక్కను రూటరు సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు.

రూటరు లేకుండా ఆపరేటరు తీగ నేరుగా కంప్యూటరుకే వచ్చే ఇళ్లలో మరో చిక్కుంది. కొందరు ఆపరేటర్లు కంప్యూటరులోని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యను తమ దగ్గర రాసిపెట్టుకుంటారు. కంప్యూటరు మారిస్తే 'నువ్వెవరో తెలియదు' అంటుంది అవతలి యంత్రం. ఆపరేటరుకు ఫోన్ చేసి కొత్త సంఖ్య నమోదు చేయిస్తే సరి.

ఇవేవీ పని చేయకపోతే విండోస్‌లోనే 'నెట్‌వర్క్ రీసెట్' అనేది ఉంది. వైఫై పాస్‌వర్డులు మళ్లీ కొట్టుకోవాల్సి వస్తుంది తప్ప ఫొటోల జోలికీ, ఫైళ్ల జోలికీ అది పోదు. ఫార్మాట్ మాట దాని తరవాత సంగతి.

గోడ దాటితే మనది కాదు

ఇంట్లో అందరి ఫోన్లలోనూ నెట్ లేదు, ఫైబర్ డబ్బా మీద 'లాస్' అనే ఎర్ర దీపం వెలుగుతోంది. అప్పుడు కంప్యూటరుతో కుస్తీ పట్టడం వృథా. బయట లైను తెగిందని అర్థం. పాతబస్తీ గల్లీల్లో తలెత్తి చూస్తే కరెంటు తీగలు, ఫోన్ తీగలు, టీవీ కేబుళ్లు, నెట్ కేబుళ్లు ఒకే స్తంభానికి జడలు జడలుగా వేలాడుతూ కనిపిస్తాయి. ఏది ఎవరిదో, ఏది బతికుందో, ఏది చచ్చిందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ చిక్కుముడి ఎంత ప్రమాదకరమో 2025 ఆగస్టులో నగరమంతా చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు పాకి అయిదుగురు చనిపోయారు. ఆ వెంటనే బండ్లగూడలో వినాయకుడి విగ్రహాన్ని తరలిస్తుండగా విద్యుత్ తీగ తగిలి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాంతో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. చాలా పేటల్లో ఉన్నట్టుండి నెట్ ఆగిపోయింది.

అలాంటి రోజుల్లోనూ రూటరు ఉన్న ఇళ్లలో కంప్యూటరుకు 192.168 నంబరు వస్తూనే ఉంటుంది. ఇంటి నంబరు ఉంది, వీధి తలుపు మూతపడింది, అంతే. అప్పుడు విండోస్‌ను మార్చినా, డబ్బాను మార్చినా ఒరిగేదేమీ లేదు. ఆపరేటరుకు ఫోన్ చేసి ఆగడమే. తెగిన తీగ కనిపించింది కదా అని మేడ ఎక్కి కర్రతో లాగడం, స్తంభం మీదికి కుర్రాళ్లను ఎక్కించడం మాత్రం వద్దే వద్దు. నెట్ రేపయినా వస్తుంది.

ఆపా వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. ''ఇయ్యాల ఫార్మాట్ తప్పింది. రేపు హార్డ్‌డిస్కే పోతే? దాదీమా ఫొటోలు ఒక్క కాడ పెట్టకండి అంకుల్. ఇంకో రెండు కాడ కాపీ చెయ్యండి.''

సాయంత్రానికి ఆప్షన్లు సబ్మిట్ అయ్యాయి. అమ్మాయి కూర్చుని ఫొటోలూ వీడియోలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే, బోనం వీడియో దగ్గర ఇంట్లోవాళ్లంతా కాసేపు ఆగిపోయారు.

నాన్న మాత్రం వెనక గదిలో పాత రూటరు ముందు కూర్చుని ఓ చీటీ రాసి అంటించాడు. 'సున్నాలు వేసేవారికి గమనిక: నీలం రంధ్రంలో ఏమీ పెట్టరాదు.'